షటిల్ నేర్పేటప్పుడు తెర ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ అడ్డమవుతుంది

వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఈ తెర మీద చూపించబోయేవన్నీ వేళ్లు, అంగుళం తేడాలు. అక్కణ్ణుంచి కనపడవు. రండి మాస్టారూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మనం మాట్లాడుకోబోయేది షటిల్ గురించి. కాగితం మీద బ్యాడ్మింటన్ అని రాస్తాం. కానీ మన ఊళ్లలో బ్యాడ్మింటన్ అనగానే ఇప్పటికీ చాలామందికి పసుపుపచ్చ ఉన్ని బంతి గుర్తొస్తుంది, బాల్ బ్యాడ్మింటన్. అందుకే నేను షటిల్ అనే అంటాను, పిల్లలూ అదే అంటారు. ఉన్ని బంతి ఊసు ఎందుకెత్తానో తర్వాత చెప్తాను, దానికీ మన పాఠానికీ లంకె ఉంది.

చాలా హైస్కూళ్లలో ఇప్పుడు గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, ఐఎఫ్‌పీ అంటున్నాం. లెక్కల మాస్టారు దాని మీద త్రిభుజాలు గీస్తున్నారు. సైన్సు టీచరు గుండెలో రక్తం ఎలా తిరుగుతుందో చూపిస్తున్నారు. మరి మన వంతు వచ్చేసరికి? వాన పడి గ్రౌండు తడిగా ఉన్న రోజున పిల్లల్ని కూర్చోబెట్టి ఒక మ్యాచ్ పెడుతున్నాం. 2019 బాసెల్ ఫైనల్ పెట్టామనుకోండి, సింధు జపాన్ క్రీడాకారిణి ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన మ్యాచ్. 38 నిమిషాలు, పీరియడ్‌కు అతికినట్టు సరిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, ఈలలేస్తారు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగి చూడండి. బ్యాక్‌హ్యాండ్ ఆడినప్పుడు సింధు బొటనవేలు హ్యాండిల్ మీద ఎక్కడుంది? ఎవరైనా చెప్తారా? చెప్పలేరు. నిజం చెప్పాలంటే మనమూ చెప్పలేం. ఆ బొమ్మ మనల్ని ఏమీ అడగలేదు కదా, అడగనప్పుడు వేలు వైపు ఎందుకు చూస్తాం?

అది మల్టీమీడియా కాదని అనను. బొమ్మ ఉంది, మాట ఉంది, కదలిక ఉంది. కానీ ఇంటరాక్టివ్ కాదు. వేలు పెడితే కదిలేదల్లా ఇంటరాక్టివ్ అనుకుంటున్నాం, అక్కడే పొరపాటు. బొమ్మ ఒక చోట ఆగాలి. ఆగి అడగాలి. జవాబు వచ్చేదాకా కదలకూడదు. తప్పు జవాబు ఇస్తే, ఆ తప్పు వల్ల కోర్టులో ఏం జరుగుతుందో చూపించి, మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి తీసుకురావాలి. ఆ పని చేయనిదాన్ని సినిమా అనండి, పాఠం అనొద్దు.

మీరు బీపీఈడీలో, అదే మన వ్యాయామ ఉపాధ్యాయ కోర్సులో, చదివే ఉంటారు. ఫిట్స్, పోస్నర్ అనే ఇద్దరు 1967లో నైపుణ్యం నేర్చుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారు. మొదటి దశలో పిల్లవాడికి ఏం చెయ్యాలో అర్థం కావాలి. రెండో దశలో తప్పులు తగ్గించుకుంటాడు. మూడో దశలో ఆలోచించకుండానే చేసేస్తాడు. తెర గట్టిగా పనికొచ్చేది మొదటి దశలో. రెండో దశలో ఛాంపియన్ల వీడియో పెద్దగా సాయపడదు, పిల్లవాడి సొంత వీడియో సాయపడుతుంది. మూడో దశలో కావలసింది కోర్టు, షటిల్, ఎదురుగా ఒక మనిషి. ఇంకా తెర ముందే కూర్చోబెడితే అది అడ్డమే. కాబట్టి ఏ పిల్లవాడు ఏ దశలో ఉన్నాడో చూసుకోకుండా ప్యానెల్ ఆన్ చెయ్యకండి.

ఇప్పుడు ఒక లెక్క. మామూలు ఫోన్ వీడియో సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య 33 మిల్లీసెకన్లు. ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు టాస్, అంటే తలపై నుంచి షటిల్‌ను కోర్టు చివరికి పంపే దెబ్బ, కొట్టేటప్పుడు రాకెట్ తల సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే రెండు బొమ్మల మధ్య రాకెట్ అర మీటరు కదిలిపోయింది. షటిల్ తగిలిన క్షణం ఆ వీడియోలో ఉంటుందా? చాలావరకు ఉండదు. తగలకముందు ఒకటి, తగిలాక ఒకటి ఉంటాయి. మనకు కావలసింది ఆ మధ్యలో జారిపోయింది. అదే ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి 240 బొమ్మలు తీస్తే, రాకెట్ బొమ్మకు 6 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. అప్పుడు కనపడుతుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ 2023లో గంటకు 565 కిలోమీటర్లతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ వేగంలో షటిల్ 240 బొమ్మల వీడియోలో కూడా బొమ్మకు 65 సెంటీమీటర్లు ఎగిరిపోతుంది. ఇక మామూలు కంటికి దొరుకుతుందా? మనం పిల్లల ముందు నిలబడి "ఇలా కొట్టాలిరా, చూడు" అని కొట్టి చూపిస్తాం. వాళ్లు చూస్తారు. కానీ వాళ్లకు కనపడేది మొదలూ చివరా మాత్రమే. నడిమిది చూపించడానికే తెర.

గ్రిప్ దగ్గర మొదలుపెడదాం. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టండి. ఇక్కడ తప్పితే మిగతావన్నీ తప్పుతాయి.

హ్యాండిల్‌కు ఎనిమిది పట్టీలు ఉంటాయి. మీ చేతిలో ఉన్న రాకెట్ చూడండి. రెండు వెడల్పువి, రెండు సన్నవి, మూలల్లో నాలుగు ఏటవాలువి. రాకెట్ అంచు పైకి ఉండేలా, చాకు పట్టుకున్నట్టు నిలబెట్టి, హ్యాండిల్‌కు షేక్‌హ్యాండ్ ఇవ్వండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇంగ్లిషు ‘వి’ ఆకారం వస్తుంది కదా, అది పైనున్న సన్న పట్టీ దగ్గర పడాలి. ఇది ఫోర్‌హ్యాండ్. బ్యాక్‌హ్యాండ్‌కు రాకెట్‌ను వేళ్లలో కొద్దిగా తిప్పి, బొటనవేలి మెత్తటి భాగాన్ని వెడల్పు పట్టీ మీద ఆనించాలి. ఇంతే.

దీన్ని తెర మీదికి ఎలా తేవాలి? ముందు రాకెట్లకే రంగు వెయ్యండి. ఎలక్ట్రీషియన్లు వాడే ఇన్సులేషన్ టేపు తెచ్చి, సన్న పట్టీలకు ఎర్రది, వెడల్పు పట్టీలకు నీలం అంటించండి. నీలం రెండు వైపులా అంటించాలి, మరిచిపోకండి. ఒక వైపే అంటిస్తే ఎడమచేతి పిల్లకు తప్పు చోటు చూపించినట్టవుతుంది. ఆ టేపులున్న రాకెట్‌తోనే ఫోటోలు తియ్యండి. తెర మీద ఎర్ర గీత, చేతిలో ఎర్ర గీత. ఇక పిల్లవాడు బొమ్మను మాటల్లోకి, మాటలను చేతిలోకి మార్చుకునే శ్రమ ఉండదు.

ఫోటో ఎటు నుంచి తియ్యాలి? అందరూ ఎదురుగా నిలబడి తీస్తారు. అప్పుడు కుడిచేతి గ్రిప్ తెర మీద పిల్లవాడికి ఎడమ వైపున కనపడుతుంది. వాడు దాన్ని బుర్రలో తిరగేసుకోవాలి. పట్టుకున్నవాడి కంటికి ఎలా కనపడుతుందో అలా, భుజం మీదుగా తియ్యండి. సెల్ఫీ కెమెరాతో అసలు తియ్యకండి. చాలా ఫోన్లలో అది అద్దంలోలా తిప్పేస్తుంది, కుడిచేతి వాడు ఎడమచేతి వాడవుతాడు.

ఇప్పుడు తెర మీద మూడు ఫోటోలు. మొదటిది సరైనది. రెండోది అట్లకాడ పట్టు, అంటే రాకెట్ ముఖం నేరుగా ముందుకు చూసేలా, దోసె తిప్పడానికి పట్టుకున్నట్టు. మూడోదాంట్లో ‘వి’ సరైన చోటే ఉంది, కానీ పిడికిలి బిగుసుకుపోయింది. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ సందే లేదు. ప్రశ్న: "వీటిలో ఏ చెయ్యి తలపైన వచ్చే షటిల్‌ను కోర్టు చివరికి పంపగలదు?" గమనించండి, "సరైన గ్రిప్ ఏది" అని అడగలేదు. అలా అడిగితే గుర్తుపట్టి చెప్తారు, ఎందుకో తెలియదు.

పిల్లవాడు అట్లకాడ ముట్టుకున్నాడనుకోండి. "తప్పు" అని గంట కొట్టి ఊరుకోకూడదు. ఎనిమిది సెకన్ల క్లిప్ రావాలి. అందులో అదే పట్టుతో ఒక పిల్లవాడు నెట్ దగ్గర టపటపా నాలుగు షటిళ్లు బాగానే కొడతాడు. ఐదోది తలమీదుగా వస్తుంది. ముంజేయి తిరగడానికి చోటు లేదు, షటిల్ సగం కోర్టులోనే చచ్చిపడుతుంది. ఆ నాలుగు మంచి దెబ్బలు ఎందుకు చూపించాలి? ఎందుకంటే అట్లకాడ పట్టు మొదటి వారం బాగానే పనిచేస్తుంది. రాకెట్ ముఖం ముందుకే ఉంటుంది కాబట్టి ఎదురుగా వచ్చిందల్లా తగులుతుంది. ఆ పట్టు పిల్లవాడికి అంత గట్టిగా అంటుకునేది అందుకే. "తప్పు పట్టు, మార్చుకో" అంటే వాడికి నమ్మకం కుదరదు, నిన్నటిదాకా బాగానే తగిలింది కదా అనుకుంటాడు. ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రెండూ చూస్తేనే ఒప్పుకుంటాడు.

బిగిసిన పిడికిలి ముట్టుకుంటే ఇంకో క్లిప్. పక్కపక్కన రెండు చేతులు, స్లో మోషన్‌లో. ఒకటి మొదట్నుంచీ బిగిసి ఉంది. ఇంకోటి వదులుగా వచ్చి, తగిలే క్షణంలో బిగిసి, మళ్లీ వదులవుతుంది. ఇక్కడ శబ్దం వాడుకోండి. మాటలు వద్దు. షటిల్ తగిలిన ‘టప్’ ఒక్కటే వినపడాలి, ఆ చప్పుడుతో పాటే వేళ్లు బిగియడం కనపడాలి.

సరైనది ముట్టుకుంటే? "శభాష్" అని తారలు రాలిపడతాయి, అవునా? వద్దు. సరైన జవాబు రాగానే తెర ఒక పని చెప్పాలి. 30 సెకన్ల టైమరు, మూడు సెకన్లకొక బీప్. ప్రతి బీప్‌కూ పిల్లలు హ్యాండిల్ చూడకుండా ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కు, మళ్లీ వెనక్కి గ్రిప్ మారుస్తారు. మొత్తం గ్రిప్ పాఠంలో తెర ముందు గడిచింది మూడు నిమిషాలు. తర్వాత వారం రోజులు ఆ తెర అవసరం లేదు.

వీటికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. పవర్‌పాయింట్ చాలు. ఒక్కో ఫోటోకు ఇన్సర్ట్ మెనూలోని లింక్ పెట్టి, ఏ స్లయిడ్‌కు పోవాలో చెప్పండి. తప్పు స్లయిడ్ చివర ‘మళ్లీ చూడు’ బొమ్మ పెట్టి ప్రశ్న దగ్గరికి లింక్ ఇవ్వండి. అయితే మొదటిసారి చేసినవాళ్లందరికీ ఒకే ఇబ్బంది వస్తుంది. పిల్లవాడి వేలు ఫోటో మీద కాకుండా పక్కన ఖాళీ చోట పడుతుంది, స్లయిడ్ ముందుకు దూకేస్తుంది, జవాబు బయటపడిపోతుంది. దీనికి మందు ఉంది. స్లయిడ్ షో మెనూలో సెటప్‌కు వెళ్లి కియోస్క్ పద్ధతి ఎంచుకోండి. అప్పుడు లింకులు తప్ప ఇంకెక్కడ ముట్టుకున్నా కదలదు.

ఇంకో రెండు ఇబ్బందులు. వీడియోను ఫైల్ లోపలే పొదగండి, బయటి ఫైల్‌కు లింక్ చెయ్యకండి. లింక్ చేస్తే మీ ల్యాప్‌టాప్‌లో ఆడుతుంది, పెన్‌డ్రైవ్‌లో బడికి తీసుకెళ్తే నల్ల డబ్బా కనపడుతుంది. ఇక తెలుగు. ‘అను’ అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లతో టైపు చేసినది ఆ ఫాంటు లేని ప్యానెల్ మీద పిచ్చి గీతలుగా వస్తుంది. యూనికోడ్‌లో టైపు చెయ్యండి, లేదా రాసినదాన్ని బొమ్మగా మార్చి పెట్టండి. అసలు తెర మీద రాత ఎంత తక్కువుంటే అంత మంచిది. కళ్లు అక్షరాల మీద ఉంటే చేతి మీద ఉండవు. చెప్పాల్సింది మీ గొంతుతో రికార్డు చెయ్యండి, మీ ఊరి యాసలోనే. పిల్లలకు రోజూ వినే గొంతే బాగా పడుతుంది. ఒక క్లిప్‌కు రెండు వాక్యాలు దాటకూడదు. ప్యానెల్‌ను ఆండ్రాయిడ్ వైపు తెరిస్తే కొన్ని యానిమేషన్లు పనిచెయ్యకపోవచ్చు. ముందు రోజే ఆ ప్యానెల్ మీదే ఒకసారి ఆడించి చూసుకోండి.

క్లిప్పులు ఎక్కణ్ణుంచి తేవాలి అని అడుగుతున్నారు. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య బడుల కోసమే షటిల్ టైమ్ అనే కార్యక్రమం నడుపుతోంది. అందులో 22 పాఠాల ప్రణాళిక, వాటికి చిన్న చిన్న వీడియోలు ఉన్నాయి, ఉచితం. అవి పునాదిగా పెట్టుకోండి. కానీ మీ బడి పిల్లలతో తీసిన క్లిప్పులు తప్పకుండా కలపండి. సింధు ఎత్తు 1.79 మీటర్లు. 1.35 మీటర్లున్న ఏడో తరగతి పాప ఆ అడుగులు చూసి "నావల్ల కాదు" అనుకుంటుంది. పక్క తరగతి అక్క చేస్తుంటే చూసి "నేనూ చెయ్యగలను" అనుకుంటుంది.

ఇప్పుడు టాస్. పుస్తకాల్లో క్లియర్ అంటారు, మన కోర్టుల్లో టాస్ అంటాం. ఉన్ని బంతి మాట ఇక్కడ వస్తుంది. బాల్ బ్యాడ్మింటన్ బంతి 27 నుంచి 30 గ్రాములు. షటిల్ 5 గ్రాముల చుట్టుపక్కల, రూల్ ప్రకారం 4.74 నుంచి 5.50. బరువైన బంతిని తొయ్యడానికి చెయ్యంతా కలిపి ఊపుతాం, అది ఆ ఆటకు సరైనదే. ఈక బరువున్న షటిల్‌కు ఆ తోపుడు అక్కర్లేదు. కావలసింది రాకెట్ తల వేగం, అది ముంజేయి తిరగడంలోంచి వస్తుంది. బడిలో అన్నల ఉన్ని బంతి ఆట చూసి పెరిగిన పిల్లలు అదే ఊపు షటిల్‌కూ తెస్తారు. ఆ ఆటను తక్కువ చేసి మాట్లాడకండి. తెర మీద రెండు ఊపులూ పక్కపక్కన పెట్టి, "ఏ చేతిలో ముంజేయి తిరిగింది?" అని అడగండి.

మనలో చాలామంది "మణికట్టుతో కొట్టరా" అని కేకేస్తాం. స్లో మోషన్‌లో చూడండి. మణికట్టు ముందుకు మడత పడటం లేదు. తాళం తిప్పినట్టు ముంజేయి లోపలికి తిరుగుతోంది. కొట్టాక అరచెయ్యి బయటికి చూస్తోంది. మణికట్టు అని చెప్తే పిల్లలు దాన్ని ముందుకు విరుస్తారు, షటిల్ నెట్‌కు తగులుతుంది. మాట ఒకటి, జరుగుతున్నది ఇంకొకటి. ఈ ఒక్క తేడా చూపించగలిగితే చాలు, స్లో మోషన్ ఖర్చు తీరిపోయినట్టే.

టాస్‌కు నాలుగు చోట్ల వీడియో ఆగాలి. షటిల్ పైకి లేవగానే: ఒళ్లు పక్కకు తిరిగిందా? తర్వాత: రాకెట్ లేని చెయ్యి పైకి లేచిందా? తర్వాత: మోచెయ్యి భుజం కన్నా కిందికి జారిందా? చివరగా తగిలే చోటు: తలకు వెనకా, భుజానికి ముందూ పైనా? ఈ నాలుగింట్లో పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది చివరిది. షటిల్ తలమీదికి వచ్చేదాకా నిలబడి చూస్తారు, అప్పుడు వెనక్కి వంగి కొడతారు, షటిల్ పైకే పోతుంది, ముందుకు పోదు. అసలు తప్పు చేతిలో లేదు, కాళ్లు ఆలస్యంగా కదిలాయి. అందుకే తప్పు జవాబు క్లిప్ చేతిని కాదు, పాదాలను చూపించాలి. మాటగా చెప్పాలంటే "మామిడికాయకు రాయి విసిరినట్టు" అనండి. రాయి విసిరేవాడు కాయ కింద నిలబడడు కదా, కాస్త వెనక నిలబడతాడు.

ఇక వాళ్ల సొంత వీడియో. కెమెరా రాకెట్ చేతి వైపున, పక్క నుంచి, నాలుగైదు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తులో. ఫోన్ అడ్డంగా ఉండాలి, చేత్తో పట్టుకోకూడదు. స్టాండు లేకపోతే కుర్చీ మీద ఇటుక పెట్టి ఆనించండి. రాకెట్ చాచినా తల తెగకుండా పైన చోటు వదలండి. పగటి వెలుగులో తియ్యండి. హాల్లో ట్యూబులైట్ల కింద స్లో మోషన్ తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకు వందసార్లు కొట్టుకుంటుంది. మామూలుగా కనపడదు, 240 బొమ్మల్లో కనపడుతుంది. పైగా వెలుగు చాలక రాకెట్ అలుక్కుపోతుంది. ఉదయం గాలి లేనప్పుడు బయట తియ్యడమే మేలు.

ఇంకొకటి. 240 బొమ్మలతో ఐదు సెకన్లు తీస్తే, తిరిగి ఆడించినప్పుడు 40 సెకన్లు పడుతుంది. తొమ్మిది మంది పిల్లలకు ఎంత? ఆరు నిమిషాలు. పీరియడ్ కరిగిపోతుంది. తగిలిన క్షణానికి అటూ ఇటూ కలిపి ఒక్క సెకను కత్తిరించండి, ఎనిమిది సెకన్లవుతుంది. తీరిగ్గా గీతలు గీసి, కోణాలు కొలిచి చూడాలనుకుంటే కంప్యూటర్‌లో కినోవియా ఉంది, ఉచితం. అది మీ ఇంటిపనికి, పీరియడ్‌లో కాదు.

సర్వీస్‌కు వద్దాం. 2018 నుంచి అంతర్జాతీయ ఆటలో రూల్ మారింది. కొట్టే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కన్నా కిందే ఉండాలి. అంతకుముందు నడుము లెక్క. ఇది నేర్పడానికి రెండు కర్రల మధ్య 1.15 మీటర్ల ఎత్తున తాడు కట్టి, పిల్లవాణ్ణి తాడు వెనక నిలబెట్టి తీస్తాం. బాగుంది. కానీ ఫోన్‌ను స్టూలు మీద తక్కువలో పెడితే ఏమవుతుంది? కింది నుంచి చూస్తోంది కాబట్టి, తాడు వెనకున్న షటిల్ అసలు ఎత్తు కన్నా కిందికి ఉన్నట్టు కనపడుతుంది. ఫౌల్ సర్వీస్ కూడా మంచిదిగా తేలుతుంది. నిలబడి పైనుంచి తీస్తే దీనికి తలకిందులు. ఫోన్ కెమెరా కన్ను సరిగ్గా 1.15 మీటర్ల దగ్గర ఉండాలి. టేపు పట్టి కొలవండి, కళ్లతో అంచనా వెయ్యకండి. ఇంకో మాట, చిన్నపిల్లలకు 1.15 అంటే ఛాతీ దాకా వస్తుంది, వాళ్లకు ఆ రూల్ అడ్డే కాదు. అయినా వాళ్లకు నడుము కిందే అలవాటు చెయ్యండి. రెండేళ్లలో ఎత్తు పెరుగుతారు, అలవాటు అంత త్వరగా మారదు.

బ్యాక్‌హ్యాండ్ షార్ట్ సర్వీస్ తెరలో ఒకే ప్రశ్న చాలు: షటిల్ నెట్ దాటేటప్పుడు దాని దారిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఎక్కడుంది? నెట్ ఇవతలే ఉండాలి. నెట్ దాటాక ఇంకా పైకి లేస్తుంటే ఎదుటివాడు చంపేస్తాడు. ఆ దారిని చుక్కలుగా గీసి, పిల్లల చేత వేలితో ఎత్తయిన చుక్క ముట్టించండి.

లంజ్, అంటే షటిల్ అందుకోవడానికి ముందుకు వేసే పెద్ద అడుగు, దాని గురించి ఎక్కువ చెప్పను. ముందు నుంచి తియ్యండి. మడమ ముందు ఆనాలి, మోకాలు పాదం వెళ్లిన వైపే చూడాలి, లోపలికి ఒరగకూడదు. ఒరిగితే మోకాలికే దెబ్బ. ఇక్కడ మాత్రం తెర చూసి వదిలెయ్యకుండా మీరే దగ్గరుండి దిద్దండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. వీడియోను ఎదుటివాడి రాకెట్‌కు షటిల్ తగిలే క్షణంలో ఆపేసి, తెర నల్లగా చేసి, "షటిల్ ఎటు పోతుంది?" అని అడగడం. నాలుగు మూలల్లో ఒకటి ముట్టుకోవాలి. ఇది ఆటవిడుపు కాదు. బ్రూస్ అబెర్నెతీ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1980లలో ఇలాంటి ప్రయోగాలు బ్యాడ్మింటన్ మీదే చేశారు. కొత్తవాళ్లు రాకెట్‌ను మాత్రమే చూస్తున్నారనీ, ఆరితేరినవాళ్లు రాకెట్‌తో పాటు దాన్ని పట్టుకున్న చేతిని కూడా చదువుతున్నారనీ, అందుకే వాళ్లకు ముందే తెలిసిపోతోందనీ తేలింది. మీరు ఇరవై క్లిప్పులు తయారుచెయ్యండి. ఆడే పిల్లవాడి వెనక, కంటి ఎత్తులో కెమెరా పెట్టి తియ్యాలి. పక్క నుంచి తీసినది దీనికి పనికిరాదు, కోర్టులో ఎవరూ పక్క నుంచి చూడరు కదా. ఇరవై క్లిప్పుల వరస ప్రతిసారీ మార్చండి. లేకపోతే మూడో రోజుకల్లా పిల్లలు చేతిని చదవడం మానేసి జవాబుల వరస బట్టీ పట్టేస్తారు. వేలితో ముట్టుకోవడం వచ్చాక, తెర ముందు నిలబడి ఆ మూల వైపు అడుగు వెయ్యమనండి.

ఇదంతా 40 నిమిషాల్లో ఎలా? 36 మంది, ఒక కోర్టు, 12 రాకెట్లు, ఒక ఫోన్ అనుకుందాం. వార్మప్ ఐదు నిమిషాలు. ప్యానెల్ దగ్గర అందరికీ ఒకే ఒక్క ప్రశ్న, నాలుగు నిమిషాలు. తర్వాత తొమ్మిదేసి మంది నాలుగు చోట్ల, ఒక్కో చోట ఏడు నిమిషాలు. మిగిలిన మూడు నిమిషాలు సామాన్లు సర్దడానికి. నాలుగు చోట్లు ఏవి? ఒకటి కోర్టు, నాలుగు రాకెట్లు. రెండు గోడ, ఐదు రాకెట్లు. మూడు షాడో ప్రాక్టీస్, అంటే షటిల్ లేకుండానే ఆడినట్టు కదలడం, రాకెట్ అక్కర్లేదు, ఫుట్‌వర్క్ తాళం ఒక స్పీకరులో మోగుతుంటే చాలు. నాలుగు ఫోన్, మూడు రాకెట్లు. ఫోన్ దగ్గర రికార్డు చేసి ఆడించే పద్ధతి వద్దు, గుంపు కడతారు. ఆలస్యంగా చూపించే వీడియో ఆప్‌లు ఉన్నాయి, 20 సెకన్ల ఆలస్యం పెట్టండి. పిల్లవాడు మూడు షటిళ్లు కొట్టి, నడిచి ఫోన్ దగ్గరికి వచ్చేసరికి తన దెబ్బలే కనపడతాయి. ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు. ఈ లోపు తర్వాతివాడు కొడుతుంటాడు. ఇది మామూలు వేగంలోనే కనపడుతుంది కాబట్టి ఇక్కడ ఒళ్లు తిరిగిందా, ఎడమచెయ్యి లేచిందా, కాళ్లు ముందే కదిలాయా, ఇంతవరకే చూడమనండి. తగిలే క్షణం స్లో మోషన్‌కే వదలండి.

ప్రతి దెబ్బకూ వీడియో చూపించకండి. ఇది ముఖ్యం. ఎప్పుడూ తెర చెప్తుంటే చెయ్యి తన తప్పు తాను పట్టుకోవడం మానేస్తుంది, తెర లేని రోజున తడబడుతుంది. మొదటి వారం మూడు దెబ్బలకొకసారి, తర్వాత పదికొకసారి. చూసే ముందు "ఏం తప్పు జరిగిందనుకుంటున్నావు?" అని వాడి నోటితో చెప్పించండి, ఆ తర్వాతే చూపించండి.

నేర్చుకున్నారో లేదో కొలిచేదెలా? మీకు తెలిసిన ఫ్రెంచ్ షార్ట్ సర్వీస్ టెస్టే చాలు. నెట్‌కు 50 సెంటీమీటర్ల పైన తాడు, షార్ట్ సర్వీస్ లైనూ సెంటర్ లైనూ కలిసే మూల నుంచి 56, 76, 97, 117 సెంటీమీటర్ల వంపు గీతలు, 20 సర్వీసులు, లోపలి వంపుకు ఐదు పాయింట్లు, బయటికి పోయేకొద్దీ ఒక్కోటి తక్కువ. పాఠం అయిన రోజే పెట్టకండి. ఆ రోజు అందరికీ బాగానే వస్తుంది. వారం రోజులు ఆ సర్వీస్ ముట్టుకోనివ్వకుండా ఉంచి, అప్పుడు పెట్టండి. మిగిలినదే నేర్చుకున్నది. టెస్టుకూ, క్లిప్పులకూ, పాఠానికీ ఒకే రకం షటిల్ వాడండి. క్లిప్‌లో ఈకల షటిల్, చేతిలో నైలాన్ షటిల్ అయితే ఎగిరే తీరు వేరు, తెరలో చూసిన టైమింగ్ కోర్టులో కుదరదు. నైలాన్‌లో కూడా పట్టీ రంగు చూసుకోండి: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. మన ఎండాకాలం వేడి గాలిలో షటిల్ దూరం పోతుంది, అప్పుడు ఆకుపచ్చది తీసుకోండి.

పిల్లల వీడియోలు మీ ఫోన్‌లో ఉంటాయి. తల్లిదండ్రులకు ముందే చెప్పి సంతకం తీసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, బాగా ఆడినవి కూడా పెట్టకండి. యూనిట్ అయిపోగానే చెరిపెయ్యండి. తప్పు చేస్తున్న పిల్లవాడి క్లిప్ తరగతి మొత్తానికి ప్యానెల్ మీద ఎప్పుడూ వెయ్యొద్దు. తప్పు చూపించే క్లిప్ కావాలంటే, సరిగ్గా ఆడగలిగిన పిల్లవాడి చేత కావాలని తప్పు చేయించి తియ్యండి.

సరే, బయట కోర్టు పక్కన 1.15 మీటర్ల దగ్గర తాడు కట్టి ఉంచాం, స్టాండు కూడా ఉంది. ఆరుగురు చొప్పున రండి. ఒకరు సర్వీస్ చెయ్యండి, ఒకరు ఫోన్ ఎత్తు టేపుతో కొలవండి. ఫోన్‌ను ఒకసారి సరైన ఎత్తులో, ఇంకోసారి మోకాలి ఎత్తులో పెట్టి అదే సర్వీస్ తియ్యండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాక లోపలికి వద్దాం, అప్పుడు గ్రిప్ స్లయిడ్లు మీ చేతనే కట్టిస్తాను.